విలాస రైలు బోగీల నమూనాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

నమూనా రైళ్ల సేకరణపై సందేహాలు రాసి పంపవలసిందిగా కోరినప్పుడు నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల, సూర్యాపేట ప్రాంతాల నుంచి చక్కని ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలావరకు పాతకాలపు విలాస రైళ్ల బోగీల గురించే ఉన్నందున ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. పేర్లు వేయవద్దని కొందరు కోరడంతో అందరికీ ఊరి పేరు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు మొన్న వస్తూ ఒక చిన్న రైలు బోగీ తెచ్చి ఇచ్చాడు. జానెడు కంటే కొంచెం ఎక్కువ పొడవుంది. ముదురు నీలం రంగు, కిటికీల పైన బంగారు రంగులో ఫ్రెంచి అక్షరాలు, మధ్యలో రెండు సింహాల చిహ్నం ఉన్నాయి. ఇది ఏ రైలుది? దీనికి జతగా మరికొన్ని కొనాలనుకుంటే ఎలా మొదలుపెట్టాలి? (నల్లగొండ)

జవాబు: మీరు చెప్పిన గుర్తులన్నీ వాగన్‌లీ సంస్థవి. బెల్జియం దేశస్థుడైన జార్జ్ నాగెల్‌మాకర్స్ 1876లో స్థాపించిన ఈ సంస్థ, ఐరోపాలోని అనేక దేశాల రైళ్లకు తన సొంత పడక బోగీలను, భోజనశాల బోగీలను తగిలించి నడిపేది. 1883 అక్టోబరు 4న పారిస్ నుంచి బయలుదేరిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ దీని రైళ్లలో అన్నిటికంటే పేరు పొందింది. తొలినాళ్లలో ఈ బోగీలకు బయట టేకు చెక్క పలకలే ఉండేవి. 1922లో ఉక్కు బోగీలు వచ్చినప్పటి నుంచి మీ దగ్గర ఉన్న నీలం రంగు స్థిరపడింది. కాబట్టి మీది 1922 తరువాతి కాలపు బోగీకి నమూనా అని నిశ్చింతగా చెప్పవచ్చు.

ఇక ఏ రైలుది అన్న ప్రశ్నకు రంగును చూసి జవాబు చెప్పలేము. ఈ సంస్థ బోగీ ఒకే రైలుకు కట్టుబడి ఉండేది కాదు. అవసరాన్ని బట్టి ఒక రైలు నుంచి మరొక రైలుకు మారేది, ఏ దారిన పోతున్నదీ పక్కన తగిలించిన పొడవాటి బోర్డు చెప్పేది. మీ నమూనాను భూతద్దం కింద పెట్టి చూడండి. గోడ మీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, మంచి తయారీ అయితే ఊళ్ల పేర్లున్న ఆ బోర్డు కూడా ఉంటుంది. ఆ సంఖ్యే బోగీకి జన్మపత్రిక. అది పడక బోగీయా, భోజనశాలా, ఏ తరగతిది, ఏ ఏటిది అన్న వివరాలన్నీ దాని ఆధారంగానే తేలుతాయి. మొదటి ప్రపంచయుద్ధాన్ని ముగించిన 1918 నవంబరు 11 నాటి ఒప్పందంపై సంతకాలు జరిగింది ఈ సంస్థవారి 2419 నంబరు భోజనశాల బోగీలోనే. ఈ బోగీల విషయంలో ఒక సంఖ్య వెనుక ఎంత చరిత్ర ఉండగలదో చెప్పడానికే దీనిని ప్రస్తావిస్తున్నాను.

జత కొనే ముందు ఒక నిర్ణయం తీసుకోండి: ఒక రైలు, ఒక కాలం. ఉదాహరణకు 1930 ప్రాంతపు ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అనుకుంటే, రెండు కొసలకు రెండు సామాను బోగీలు, నడుమ ఒక భోజనశాల, మిగిలినవి పడక బోగీలు. అయిదారు బోగీలతో నమ్మదగిన వరుస తయారవుతుంది. 1929లో వచ్చిన ఎల్ఎక్స్ తరగతి పడక బోగీ ఈ వరుసకు తలమానికం వంటిది. దాని అసలు బోగీల లోపలి గోడలకు రకరకాల చెక్కలను ముక్కలుగా పొదిగి పూల నమూనాలు తీర్చారు. అదే ఏట ఫ్రాన్స్ దక్షిణ తీరానికి నడిచిన కోత్ దజూర్ రైలు కోసం తయారైన పుల్‌మన్ బోగీలలో (పగటి ప్రయాణానికి కుర్చీలున్న విలాస బోగీలు) కొన్నింటిని గాజు శిల్పి రెనె లలిక్ చేతి పలకలతో అలంకరించారు. మంచి నమూనాలో ఈ పనితనం లోపలి అడ్డగోడల మీద అచ్చులో కనిపిస్తుంది, బల్లల మీద గోరంతైనా లేని దీపపు బుడ్డీలు కూడా ఉంటాయి. ఇవి చూసి మురిసిపోవడానికే కదా మనం ఈ సేకరణలోకి దిగేది! అందుకే నా సలహా ఒక్కటే: నచ్చిన ప్రతి నీలం బోగీని కొనుక్కుంటూ పోకండి, మీరు ఎంచుకున్న రైలులో నిజంగా నడిచిన బోగీనే కొనండి.

ప్రశ్న: హెచ్‌ఓ, డబుల్ ఓ, ఎన్ అని రకరకాలుగా రాస్తున్నారు. వీటిని కలిపి ఒకే పట్టాల మీద నడపవచ్చా? (మిర్యాలగూడ)

జవాబు: హెచ్‌ఓ అంటే అసలు బోగీలో 87వ వంతు, డబుల్ ఓ అంటే సుమారు 76వ వంతు, ఎన్ అంటే 160వ వంతు. బ్రిటన్‌లో మాత్రం ఎన్‌ను 148వ వంతుగా తీసుకుంటారు. హెచ్‌ఓ, డబుల్ ఓ రెండింటికీ పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లే కాబట్టి ఒకదాని మీద మరొకటి నడుస్తుంది. పక్కపక్కన నిలబెడితే మాత్రం డబుల్ ఓ కొలతలో చేసే బ్రిటిష్ బోగీ ఎత్తుగా, బొద్దుగా కనిపించి వరుస అందం చెడుతుంది. ఎన్ పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు కనుక అది పూర్తిగా వేరు.

కొనే ముందు పొడవు లెక్క వేసుకోవడం అవసరం. వాగన్‌లీ ఉక్కు బోగీ, కొసల్లో తాకిడిని తట్టుకునే బఫర్లతో కలిపి 23.45 మీటర్లు. అది హెచ్‌ఓలో దాదాపు 270 మిల్లీమీటర్లు, ఎన్‌లో 147 మిల్లీమీటర్లు అవుతుంది. హెచ్‌ఓలో అయిదు బోగీల వరుసకు నాలుగున్నర అడుగుల అర కావాలి. పాత తయారీలలో, చిన్న వంపులలో తిరగడం కోసం పొడవును కావాలని కుదించిన బోగీలు చాలా ఉన్నాయి. విక్రేత చెప్పకపోయినా స్కేలు పట్టి కొలిస్తే తెలిసిపోతుంది. పూర్తి పొడవున్న బోగీలను 360 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న అతి చిన్న వంపులో తిప్పితే అవి ఒకదానికొకటి తగిలి మెట్లు, గొట్టాలు విరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: పాత మార్క్లిన్ బోగీ ఒకటి కొన్నాను. పట్టాల మీద పెట్టగానే కంట్రోలర్ ఆగిపోతోంది. బోగీలో మోటారు కూడా లేదు. కారణం ఏమిటి? (మహబూబ్‌నగర్)

జవాబు: చక్రాలే కారణం. జర్మనీ తయారీదారు మార్క్లిన్ వారి హెచ్‌ఓ పద్ధతిలో రెండు పట్టాలకూ ఒకే ధ్రువం, నడుమ ఉన్న చిన్న మేకులకు రెండో ధ్రువం. అందువల్ల వారి బోగీలలో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య విద్యుత్తు అడ్డం ఉండదు. దానిని మామూలు రెండు పట్టాల డీసీ దారి మీద పెడితే ఇరుసు గుండా షార్ట్ అవుతుంది. అదే కొలతలో ఇన్సులేషన్ ఉన్న చక్రాల జతలు విడిగా దొరుకుతాయి, వాటిని మార్చుకుంటే సరిపోతుంది. తీసిన పాత చక్రాలను పారవేయక అదే డబ్బాలో భద్రపరచండి. రేపు ఎవరికైనా అమ్మవలసి వస్తే అవి ఉండడం వల్ల బోగీ విలువ నిలుస్తుంది.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ప్రతివాళ్లూ 'చాలా అరుదైనది' అని రాస్తున్నారు. నిజంగా అరుదైనదో కాదో, తరువాత రంగు వేసినదో అసలుదో ఎలా గుర్తుపట్టాలి? (సూర్యాపేట)

జవాబు: ఈ సేకరణలో డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే కాబట్టి వివరంగా చెబుతాను. తక్కువ సంఖ్యలో తయారైనంత మాత్రాన ఏదీ అరుదైనది కాదు. సంఖ్య వేసిన ధ్రువపత్రంతో వచ్చే 'పరిమిత ముద్రణ' (లిమిటెడ్ ఎడిషన్) బోగీలను కొన్నవారందరూ దాదాపు డబ్బా విప్పకుండానే దాచుకుంటారు. అందువల్ల అవి ఏళ్లు గడిచినా కొత్తవిగానే బజారులో తిరుగుతుంటాయి. అసలు అరుదు మరోచోట ఉంటుంది: పిల్లలు ఆడుకుని పాడుచేసిన కాలపు రేకు బోగీలు, ఒకటి రెండేళ్లు మాత్రమే వచ్చి ఆగిపోయిన రంగుల వరుసలు, జపాన్, కొరియా పనివారు చేతితో చేసిన ఇత్తడి బోగీలు. వీటిలో కూడా చిన్న భాగాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నవి ఇంకా తక్కువ.

తయారీ కాలాన్ని డబ్బాయే చాలావరకు చెబుతుంది. ఇటలీకి చెందిన నమూనా రైళ్ల సంస్థ రివారొస్సీ 1945లో మొదలై, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ బోగీలను ఎంతోమంది ఇళ్లకు చేర్చింది. 2004లో అది బ్రిటన్‌లోని హార్న్‌బీ చేతికి వెళ్లింది. ఆ తరువాతి సరుకు చైనాలో తయారైంది. కాబట్టి 'పాత ఇటాలియన్ తయారీ' అని చెప్పి అమ్ముతున్న బోగీ అడుగున చైనా పేరుంటే బేరం అక్కడితో ఆపేయండి. డబ్బా మీది కేటలాగు సంఖ్య, బోగీ అడుగున ఉన్న సంఖ్య, గోడ మీద ఉన్న బోగీ సంఖ్య, ఈ మూడింటికీ పొంతన కుదరాలి.

రంగు విషయానికి వస్తే, ఫ్యాక్టరీలో బంగారు అక్షరాలను మెత్తని రబ్బరు దిమ్మెతో అచ్చు వేస్తారు. భూతద్దంలో అక్షరం అంచు పదునుగా ఉంటుంది, చుట్టూ ఏమీ కనిపించదు. తరువాత స్టిక్కర్ అద్దినదైతే దీపాన్ని ఏటవాలుగా పట్టినప్పుడు అక్షరాల చుట్టూ పలుచని పొర అంచు మెరుస్తుంది. తలుపు చట్రాల మూలల్లో రంగు గట్టుకట్టి ఉన్నా, కిటికీ అద్దాల అంచున నీలపు మరక ఉన్నా, స్క్రూల గాడిలో గీతలు ఉన్నా ఎవరో విప్పి రంగు వేశారని అర్థం. రంగు వేయడం తప్పు కాదు, ఎంతో నైపుణ్యంతో వేసేవారున్నారు. కాని ఆ సంగతి చెప్పి, దానికి తగిన ధరకే అమ్మాలి. మీరు అడిగిన ఫొటోలను, ముఖ్యంగా అడుగు భాగాన్ని, రెండు కొసలను, లోపలి బల్లలను పంపడానికి వెనుకాడే విక్రేత దగ్గర ఎంత తక్కువ ధరకు వచ్చినా కొనవద్దు.

ప్రశ్న: విదేశాల నుంచి తెప్పిస్తే సుంకం ఎంత పడుతుంది? (వనపర్తి)

జవాబు: స్కేలు నమూనాలు కూడా కస్టమ్స్ పట్టికలో బొమ్మల పద్దులోకే వస్తాయి. బొమ్మలపై మూల సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. వ్యక్తిగత వాడకానికి తపాలాలో వచ్చే పార్సెల్‌ను వేరే పద్దు కింద లెక్కించే వీలుంది, రేట్లు కూడా బడ్జెట్లలో మారుతుంటాయి. కాబట్టి డబ్బు కట్టే ముందే కొరియర్ వారిని ఆనాటి రేటు అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. సుంకాన్ని సరుకు ధర మీదే కాక రవాణా, బీమా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారన్నది గుర్తుంచుకోవాలి. బోగీ బిల్లును తక్కువ చేసి రాయమని విక్రేతను అడగకండి. అది నేరం, పైగా దారిలో పార్సెల్ పోతే బీమా కూడా ఆ తక్కువ మొత్తానికే వస్తుంది.

ప్రశ్న: మా ఇంట్లో మేడ మీద గది వేసవిలో విపరీతంగా వేడెక్కుతుంది. బోగీలను బీరువాలో నాఫ్తలీన్ గోలీలు వేసి దాచాను. ఒక బోగీ అడుగు భాగం వంగి, లోహం మీద సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఎండ వల్లనేనా? బాగుచేయవచ్చా? (దేవరకొండ)

జవాబు: ముందుగా ఆ గోలీలను ఈ రోజే తీసివేయండి. పట్టుచీరలకు పనికివచ్చే నాఫ్తలీన్ ఈ బోగీలకు పనికిరాదు. ఎక్కువ బోగీల శరీరం పాలిస్టైరీన్ జాతి ప్లాస్టిక్‌తో చేసినది, నాఫ్తలీన్ ఆవిరి దానిని మెత్తబరుస్తుంది. మూసిన బీరువాలో, వేసవి వేడిలో, ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. డబ్బాల అట్టను తినే పురుగుల భయం ఉంటే గాలి చొరబడని ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, నెలకొకసారి తెరిచి చూసుకోవడం మేలు.

లోహంలో పగుళ్లు మాత్రం ఎండ వల్ల పుట్టినవి కావు. జింకు మిశ్రమాన్ని పోతపోసేటప్పుడు అందులో సీసం వంటి మలినాలు కలిస్తే, ఏళ్ల తరబడి లోహం రేణువుల మధ్య నుంచి తినుకుంటూ వచ్చి ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి బిస్కెట్టులా పొడి అవుతుంది. సేకర్తలు దీనిని జింకు తెగులు అంటారు. రెండో ప్రపంచయుద్ధానికి ముందరి బోగీలలో ఇది ఎక్కువ, ఇటీవలి తయారీలలో కూడా అక్కడక్కడా బయటపడింది. వేడి, తేమ ఈ తెగులును పెంచుతాయే కాని పుట్టించవు. పక్కనున్న బోగీలకు అంటుకుంటుందన్న భయం కూడా అక్కరలేదు, లోపం ఆ పోతలోనే ఉంటుంది. దీనికి మందు లేదు. చేయగలిగింది ఒక్కటే: ఉబ్బిన ముక్క పైనున్న ప్లాస్టిక్ శరీరాన్ని చీల్చకముందే విప్పి బయటికి తీసి, ఆ స్థానంలో మరో ముక్క అమర్చడం. పాత బోగీ కొనేటప్పుడు అడుగు భాగం పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో అడిగితే ఈ వంపు ముందే తెలుస్తుంది.

మన నల్లగొండ జిల్లా వేసవిలో నీడన కూడా 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల కప్పు కింద, పడమటి గోడను ఆనుకున్న గూటిలో, ఎండలో ఆపిన కారులో వేడి దానిని ఎంతో మించిపోతుంది. పొడవాటి బోగీ పైకప్పు సన్నటి ప్లాస్టిక్ పలక కనుక ముందు అదే అలలు తిరుగుతుంది. మార్చి నుంచి జూన్ వరకు బోగీలను కింది అంతస్తులో, ఇంటి నడుమ గదిలో, నేలకు దగ్గరగా ఉన్న అరలో పెట్టండి. అద్దాల అల్మరా చేయించుకుంటే నేరుగా ఎండ పడని గోడకు పెట్టించండి, లోపల వేడి తక్కువగా పుట్టించే ఎల్ఈడీ దీపాలే వాడండి. ప్లైవుడ్, వార్నిష్ కొత్తలో వదిలే ఆవిరి లోహానికి మంచిది కాదు. కాబట్టి వడ్రంగి పని ముగిసిన తరువాత వాసన పూర్తిగా పోయేదాకా తలుపులు తెరిచి ఉంచి, ఆ తరువాతే బోగీలు అమర్చాలి.

వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడు మార్చుకుంటే చాలు. ఒక ముఖ్య విషయం మాత్రం చాలామందికి తెలియదు. పాత ఇత్తడి బోగీల డబ్బాలలోని స్పాంజి కాలక్రమంలో జిగురుగా మారి రంగును పట్టుకుని ఊడదీస్తుంది. ఏళ్లుగా విప్పని డబ్బా మీ దగ్గర ఉంటే ఈ వారమే విప్పి, ఆ స్పాంజికి బదులు ఆమ్లం లేని పలుచని కాగితం చుట్టండి. దుమ్ము దులపడానికి మెత్తని మేకప్ బ్రష్ చాలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చక్రాలకు వాడవచ్చు, బంగారు అక్షరాల జోలికి దానిని తీసుకుపోవద్దు.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి పదవీవిరమణ చేశాను. మా లైను మీటర్‌గేజ్‌గా ఉన్న రోజులు నాకు బాగా గుర్తు. మన దేశపు రాజుల సెలూన్ బోగీలకు (వారి సొంత ప్రయాణపు విలాస బోగీలకు), నిజాం రైల్వే బోగీలకు నమూనాలు దొరుకుతాయా? లేకపోతే నేనే చేయవచ్చా? (గద్వాల)

జవాబు: చేయవచ్చు, చేయాలి కూడా! పెద్ద తయారీదారుల కేటలాగులు ఐరోపా, అమెరికా, జపాన్ రైళ్ల చుట్టూ తిరుగుతాయి. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లోనే రైలు తెచ్చిన నిజాం రాజ్యపు బోగీలకు వాటిలో చోటు దక్కుతుందని ఎదురుచూస్తూ కూర్చోవడం దండుగ. మీవంటి అనుభవం ఉన్నవారు చేసిన ఒక్క బోగీ నా దృష్టిలో కొన్న పది బోగీల కంటే విలువైనది.

గేజ్ (పట్టాల నడుమ దూరం) లెక్క మీకు చెప్పనక్కరలేదు, నమూనాలో అది ఎలా మారుతుందో మాత్రం చెబుతాను. మీటర్‌గేజ్‌ను 87తో భాగిస్తే 11.5 మిల్లీమీటర్లు వస్తుంది, దీనికి హెచ్‌ఓ కొలతలో మీటర్‌గేజ్ కోసమే చేసే 12 మిల్లీమీటర్ల హెచ్‌ఓఎం పట్టాలు, చక్రాలు తయారుగా దొరుకుతాయి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు, అంటే హెచ్‌ఓలో 19.3. బజారులో దొరికే 16.5 పట్టా మీద దానిని నిలబెడితే బోగీ కింద చక్రాలు లోపలికి జరిగినట్టు కనిపిస్తాయి. కాబట్టి మీకు తెలిసిన మీటర్‌గేజే పనితనానికి కూడా అనుకూలం. 1982 జనవరి 26న మొదలైన ప్యాలెస్ ఆన్ వీల్స్ కూడా తొలుత రాజుల పాత సెలూన్లతో మీటర్‌గేజ్ మీదే నడిచింది.

కొలతల కోసం అసలు బోగీని చూడడం మంచిది. ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైల్వే మ్యూజియంలో 1875 నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ సెలూన్, 1899 నాటి మైసూరు మహారాజా సెలూన్ ఉన్నాయి. మీకు ఇంకా దగ్గర మైసూరు. 1979లో ఏర్పడిన అక్కడి రైల్వే మ్యూజియంలో మహారాణి సెలూన్‌ను చూడవచ్చు. అక్కడికి కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా రైలు ఉంది. వెళ్లినప్పుడు అనుమతి అడిగి, ఒక స్కేలును బోగీకి ఆనించి నాలుగు వైపులా తిన్నగా ఫొటోలు తీసుకోండి. కిటికీ వెడల్పు, కిటికీకి కిటికీకి నడుమ దూరం, పైకప్పు వంపు, ఈ మూడూ సరిగ్గా కుదిరితే బోగీ పోలిక వచ్చేస్తుంది.

గోడలకు అర మిల్లీమీటరు, అడుగుకు ఒక మిల్లీమీటరు మందం పాలిస్టైరీన్ పలకలు వాడండి. పట్టుకునే కడ్డీలకు సన్నటి ఇత్తడి తీగ, చిన్న ఆకురాళ్లు, పట్టుకార్లు కంసాలి సామాను అమ్మే దుకాణంలో దొరుకుతాయి. టేకు బోగీ కదా అని అసలు టేకు చెక్క వాడకండి. 87వ వంతులో చెక్క చారలు మరీ లావుగా కనిపించి పోలికను చెడగొడతాయి. లేత పసుపు వేసి, ఆరిన తరువాత పైన పలుచని ఎర్రగోధుమ రంగును దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఒకే దిశలో లాగితే టేకు పలక భ్రమ చక్కగా కలుగుతుంది. ముందు ఒక పలక ముక్క మీద ఈ రంగు కుదిరేదాకా సాధన చేసి, ఆ తరువాతే గోడల మీదికి వెళ్లండి. కిటికీలు కోసేటప్పుడు గోడను అతికించకముందే, బల్ల మీద పరిచి ఉన్నప్పుడే అన్నీ కోసి, ఆకురాయితో సరిచేసుకోవాలి. పని నడుస్తుండగా తీసిన ఫొటోలు, మీరు గీసుకున్న కొలతల పటం మాకు పంపితే రాబోయే సంచికలలో ఒకదానిలో ప్రచురిస్తాము.